రాతి పనివాని చెయ్యి

తెలుగు సాహిత్య చరిత్ర పాఠం చెప్పేవాడెవడూ కురిక్యాల శాసనాన్ని తప్పించుకుపోలేడు. కరీంనగర్ జిల్లా గంగాధర మండలంలో, బొమ్మలగుట్ట అని జనం పిలుచుకునే కొండబండ మీద, 10వ శతాబ్దంలో, వేములవాడ చాళుక్యుల కాలాన చెక్కించిన శాసనం అది. చెక్కించినవాడు జినవల్లభుడు; కన్నడ మహాకవి పంపని తమ్ముడు. సంస్కృతం, కన్నడం, తెలుగు మూడూ ఆ బండ మీద వున్నాయి. నన్నయకు శతాబ్దం ముందే తెలుగులో కంద పద్యం స్థిరపడి వుండేదనడానికి ఆ రాయి సాక్ష్యం. 2008లో కేంద్ర ప్రభుత్వం తెలుగును ప్రాచీన భాషగా గుర్తించినప్పుడు జరిగిన చర్చలలో దాని పేరు తరచు వినపడింది. చుట్టుపక్కల గ్రానైటు తవ్వకాల వల్ల ఆ గుట్టకు ముప్పు వచ్చిందని తెలిసినప్పుడు భాషాభిమానులూ, చరిత్రకారులూ గొంతెత్తారు. వారిలో నేనూ ఒకడిని. సంతకాలు పోగుచేశాను. తరగతి విద్యార్థులను వెంటబెట్టుకుని గుట్టకు వెళ్లాను.

ఆ రోజు దారిలో ఒక చిన్న హోటలు దగ్గర ఆగాము. దగ్గరలోని ఒక క్వారీలో జాక్‌హామర్ పట్టే మనిషి, యాభై ఏళ్లవాడు, బల్ల మీద కూర్చుని వున్నాడు. టీ గ్లాసును రెండు చేతుల మధ్య పెట్టుకుని, చూపు దాని మీదనే నిలిపి తాగుతున్నాడు. నా విద్యార్థి ఒకడు వరసకు ఆయనకు అల్లుడట, పలకరించాడు. మాటల మీద ఆయన చెప్పాడు:

“పొద్దుగాల గిలాస పట్టుకుంటె చేతిల ఉన్నదో లేదో తెల్వది సారూ. కండ్లతోని చూసుకుంట తాగాలె. రాత్రిపూట చీమలు పారినట్టయితది. అంగీ గుండీలు నా బిడ్డనే పెడ్తది.”

డాక్టరుకు చూపించారా అని అడిగాను. నరాల బలహీనత అని గోలీలు ఇచ్చారట. ఆ తరువాత మేము ఎక్కడికి వెళుతున్నామో ఆయన అడిగాడు. నేను ఉత్సాహంగా శాసనం సంగతంతా చెప్పాను. ఓపికగా విని, ఆయన ఒకే ప్రశ్న వేశాడు:

“చెక్కిచ్చినాయన పేరు దొరికింది. మంచిదే. చెక్కినాయన పేరు రాసుకోలేదా?”

నా దగ్గర సమాధానం లేదు. గుట్టను కాపాడాలని ఆరు నెలలుగా తిరుగుతున్న నాకు, ఆ గుట్టకు తూట్లు పొడుస్తున్న యంత్రం రెండవ కొన ఎవరి చేతిలో వున్నదో, అది ఆ చేతిని ఏమి చేస్తున్నదో ఒక్కనాడూ తోచలేదు. ఈ వ్యాసం ఆ లోపాన్ని సరిదిద్దుకోవడానికి చేసిన ప్రయత్నం. తరువాత చదివినకొద్దీ నాకు స్పష్టమైన విషయం ఇది: కొండకు జరుగుతున్న నష్టమూ, చేతికి జరుగుతున్న నష్టమూ వేరువేరు సమస్యలు కావు. ఒకే పనిముట్టు, ఒకే లెక్క రెండింటినీ తింటున్నాయి. అంతేకాదు, చేతి జబ్బు కొత్తగా కనిపెట్టవలసిన రహస్యమేమీ కాదు. అది నూరేళ్లకు పైగా తెలిసిన విషయం. తెలిసి గూడా అది ఎందుకు లెక్కకు రాలేదన్నదే మనం అడగవలసిన ప్రశ్న.

*

జబ్బు స్వరూపం ముందుగా తెలుసుకోవాలి. జాక్‌హామర్ అయినా, శిల్పుల షెడ్డులో వాడే చిన్న గాలిసుత్తి అయినా నడిచే పద్ధతి ఒకటే. కంప్రెసరు నుంచి గొట్టం గుండా వచ్చిన గాలి లోపలి పిస్టన్‌ను ముందుకూ వెనక్కూ తోస్తుంది. నిమిషానికి వేల దెబ్బలు ఉలి మీద పడతాయి. ఆ దెబ్బ అంతా రాతిలోకి పోదు. కొంత వెనక్కు తిరిగి పిడి గుండా, ఉలి గుండా చేతిలోకి వస్తుంది. ఈ అదురు సంవత్సరాల తరబడి ఎక్కగా వేళ్లలోని సన్నని రక్తనాళాలు, నరాలు, కీళ్లు చెడిపోతాయి. మొదట తిమ్మిరి, జివ్వుమనడం. తరువాత చలి తగిలిన ప్రతిసారీ నాళాలు బిగుసుకుని నెత్తురు ఆగిపోతుంది; వేలు కొన నుంచి మొదటి దాకా సున్నం పూసినట్టు తెల్లబడుతుంది; గిల్లినా తెలియదు. మళ్లీ నెత్తురు పారేటప్పుడు మంట. ముదిరిన తరువాత పట్టు తగ్గుతుంది, చిన్న వస్తువులు చేతికి చిక్కవు. ఆ దశలో పని మానేసినా పూర్తిగా నయం కావడం అరుదు.

వేళ్లు ఇట్లా పాలిపోవడాన్ని 1862లో పారిస్‌లో మోరిస్ రేనో అనే వైద్యుడు తన సిద్ధాంత గ్రంథంలో వర్ణించాడు. ఆయన చూసినది పనిముట్ల వల్ల వచ్చినది కాదు. పనిముట్టుతో దానికి గల సంబంధాన్ని పట్టుకున్నవాడు ఇటలీ దేశస్థుడు జొవాన్ని లోరిగా. గాలిసుత్తి వాడే రాతి పనివారి వేళ్లలో ఈ లక్షణాలున్నాయని 1911లో ఆయన రాశాడు. గాలిసుత్తులు రాతి పనిలోకి విరివిగా వచ్చి అప్పటికి ఇరవై ఏళ్లు కూడా నిండలేదు. అంటే యంత్రం వచ్చిన తరంలోనే దాని దోషం తెలిసింది.

ఏడేళ్ల తరువాత అమెరికాలో జరిగిన పరిశోధన ఇంకా ముఖ్యమైనది. దానిని కాస్త వివరంగా చూడాలి.

*

ఇండియానా రాష్ట్రంలో బ్లూమింగ్టన్ నుంచి బెడ్‌ఫర్డ్ దాకా సున్నపురాయి పొర ఒకటి వున్నది. ఎటు కోసినా ఒకేరకంగా తెగే మెత్తని, నున్నని రాయి. అక్కడ 1827లో మొదటి క్వారీ తెరిచారు. 1871లో షికాగో నగరం తగలబడిపోయిన తరువాత కొయ్య ఇళ్ల స్థానంలో రాతి కట్టడాలు లేచాయి; ఆ రాతికి గిరాకీ ఎన్నో రెట్లు పెరిగింది. రైలుమార్గాలు వచ్చాయి, ఆవిరి యంత్రాలతో రాతిలో గాళ్లు తొలిచి దిమ్మలు విడదీసే పద్ధతి వచ్చింది. దిమ్మలను చెక్కే షెడ్డులలోకి గాలిసుత్తి వచ్చింది. సమ్మెటా ఉలీతో రోజుల తరబడి చేసే చెక్కడం గంటల పని అయింది. అమెరికా రాష్ట్రాల శాసనసభా భవనాలు, న్యాయస్థానాలు, విశ్వవిద్యాలయాలు ఎన్నో ఆ రాతితో లేచాయి. 1931లో తెరిచిన ఎంపైర్ స్టేట్ భవనానికి తొడిగిన రాయి గూడా అక్కడిదే.

ఆ బెడ్‌ఫర్డ్‌లో గాలిసుత్తి వల్ల తమ వేళ్లు చచ్చుబడుతున్నాయని రాతి పనివారు మొరపెట్టుకున్నారు. యజమానులు అది లెక్కచేయదగిన బాధ కాదన్నారు. అమెరికా ప్రభుత్వ కార్మిక గణాంక శాఖ దీనిని విచారించే పనిని ఆలిస్ హామిల్టన్ అనే వైద్యురాలికి అప్పగించింది. ఈమె షికాగోలోని పేదల పేటలో, హల్‌హౌస్ అనే సేవాకేంద్రంలో ఏళ్ల తరబడి నివసించినది. సీసం కార్ఖానాలలో కార్మికులను తినేస్తున్న విషాన్ని ఇల్లిల్లూ తిరిగి లెక్కగట్టినది. 1919లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం తన చరిత్రలో మొదటిసారిగా ఒక మహిళను అధ్యాపకురాలిగా నియమించింది. ఆ మహిళ ఈమే.

హామిల్టన్ 1918 జనవరిలో, గడ్డకట్టే చలిలో బెడ్‌ఫర్డ్ వెళ్లింది. చలిలో వెళ్లడంలోనే ఆమె శాస్త్ర దృష్టి వుంది. ఎందుకంటే వేసవిలో ఈ జబ్బు దాక్కుంటుంది. ఆమె 38 మంది చేతులను పరీక్షించింది. దాదాపు 90 శాతం మందికి ఈ బాధ వున్నది. కుడిచేత్తో సుత్తినీ, ఎడమచేత్తో ఉలినీ పట్టుకునేవాళ్లలో ఉలి పట్టిన ఎడమచేయి ఎక్కువ దెబ్బతిన్నది. ఇతర ప్రాంతాల గ్రానైటు పనివారినీ, చలువరాతి పనివారినీ కూడా ఆమె చూసింది. అందరిలోకీ బెడ్‌ఫర్డ్ వారి పరిస్థితి అధ్వాన్నం.

ఆ నివేదిక 1918లోనే అచ్చయింది. అందులో ఆమె చెప్పిన కారణాలను పాఠకులు జాగ్రత్తగా గమనించాలి. ముఖ్యమైనవి మూడు: వేళ్లు బిగించి చాలాసేపు పట్టుకోవడం, అదురు, చలి. వీటిని ఇంకా హెచ్చించేవి: విరామం లేకుండా సుత్తి వాడటం, మరీ గట్టిగా పట్టుకోవడం, అరిగి వదులైన సుత్తితో పనిచేయడం, పనిచోటు చల్లగా వుండటం.

వైద్య గ్రంథంలో ఇవి జబ్బుకు కారణాలు. కానీ కార్మికుడి వైపు నుంచి చదివితే ప్రతి ఒక్కటీ ఒక డబ్బు లెక్క. విరామం ఇవ్వకపోవడం పనిగంటల విషయం. మరీ బిగించి పట్టుకోవడం పని తొందర విషయం. చదరపు అడుగుకు ఇంత అని కూలి కట్టినప్పుడు చేయి సడలదు. అరిగిన సుత్తిని మార్చకపోవడం మరమ్మతు ఖర్చు విషయం. షెడ్డు చల్లగా వుండటం బొగ్గు ఖర్చు విషయం. అంటే ఈ జబ్బు గాలిసుత్తిలో పుట్టినా, అది ఎంత ముదరాలో నిర్ణయించేది యజమాని ఖాతా పుస్తకం. అక్కడ మిగిలిన ప్రతి డాలరుకూ పనివాని వేళ్లలో ఖర్చు పడింది.

*

కొండ సంగతి గూడా అక్కడే చూడవచ్చు. ఎంపైర్ స్టేట్ భవనానికి రాయి ఇచ్చిన క్వారీ బెడ్‌ఫర్డ్ సమీపంలో ఈనాటికీ వున్నది. నిలువు గోడల లోతైన గుంట, అడుగున నీళ్లు. న్యూయార్క్‌లో ఆకాశంలోకి లేచినదానికి ఇండియానాలో అచ్చు పోసినట్టు ఒక గొయ్యి మిగిలింది. చుట్టూ పనికిరాని దిమ్మల గుట్టలు. ఆ ప్రాంతమంతటా అట్లాంటి నీటి గుంటలున్నాయి. రాయి ఎక్కడికి పోయిందో చెప్పే శిలాఫలకాలు నగరాలలో వున్నాయి. గొయ్యి ఎవరి ఆస్తిలో నష్టం కింద రాసుకున్నారో చెప్పే పుస్తకం ఎక్కడా లేదు.

60 ఏళ్లు గడిచాయి. రెండు ప్రపంచ యుద్ధాలు ముగిశాయి. మనిషి చంద్రుడి మీద కాలుపెట్టి వచ్చాడు. 1978లో అమెరికా ప్రభుత్వ వృత్తి ఆరోగ్య సంస్థ పరిశోధకులు మళ్లీ అదే బెడ్‌ఫర్డ్‌కు వెళ్లి రాతి పనివారి చేతులను పరీక్షించారు. దాదాపు 80 శాతం మందికి అదే జబ్బు. 90 నుంచి 80! ఆరు దశాబ్దాల శాస్త్ర ప్రగతిలో రాతి పనివాని వాటా అంత. ఆ ఫలితాలు 1984లో ఒక బ్రిటిష్ వైద్య పత్రికలో వెలువడ్డాయి. వ్యాసానికి హామిల్టన్ నివేదిక పేరునే పెట్టి, బెడ్‌ఫర్డ్‌ను మళ్లీ చూశామని చేర్చారు.

తెలియకపోవడం వల్ల జబ్బు మిగిలిందనేవారికి ఇది జవాబు. 1918 నివేదిక రహస్య పత్రం కాదు, ప్రభుత్వమే అచ్చువేసింది. సుత్తి చేసేవారికి తెలుసు, కొనేవారికి తెలుసు, వైద్యులకు తెలుసు. జ్ఞానం తనంతట తాను చట్టం కాదు. దానిని చట్టంగా మార్చే బలం ఎవరికో ఒకరికి వుండాలి.

సరిగ్గా ఆ రోజులలోనే, 1979లో, బ్లూమింగ్టన్‌లో తీసిన ‘బ్రేకింగ్ అవే’ అనే సినిమా వచ్చింది. రాతి పనివారి కొడుకులు నలుగురు పాడుబడిన క్వారీ నీళ్లలో ఈదుతుంటారు. వారి తండ్రులు కోసిన రాతితోనే ఆ వూరి విశ్వవిద్యాలయం కట్టారు; అందులో చదివే పిల్లలు వీళ్లను ‘కట్టర్లు’ అని ఎగతాళి చేస్తారు. కాలేజీలో చదువుకునేవారూ, చదువు చెప్పేవారూ ఆ సినిమాను ఒకసారి చూడాలి. మనం కూర్చున్న గదుల నాపరాళ్లు ఎవరు కోశారో అడగడం మనకు అలవాటు లేదు.

*

ఇక్కడ మనవాళ్లలో కొందరు అనవచ్చు: ‘అది పెట్టుబడిదారుల సొత్తు కనుక అట్లా జరిగింది, పరిశ్రమను జాతీయం చేస్తే సరిపోతుంది’ అని. ఆ మాట అంత తేలికగా చెల్లదు. బ్రిటన్ చరిత్ర ఇందుకు సాక్ష్యం.

బ్రిటన్ బొగ్గు గనులను 1947లో జాతీయం చేశారు. గని గేట్ల దగ్గర ప్రజల పేరున బోర్డులు పాతారు. కార్మికులు ఆనందించారు, ఆనందించడం న్యాయమే. అయితే ఆ జాతీయ బొగ్గు బోర్డు హయాంలోనే 1966 అక్టోబరు 21న వేల్స్‌లోని అబెర్‌ఫాన్ గ్రామం మీద గని వ్యర్థాల గుట్ట జారిపడింది. 144 మంది చనిపోయారు. వారిలో 116 మంది పిల్లలు. విచారణ సంఘం బోర్డుదే తప్పు అని తేల్చింది. అయినా మిగిలిన గుట్టలను తొలగించడానికి, బాధితుల కోసం ప్రజలు ఇచ్చిన విరాళాల నిధి నుంచే 1,50,000 పౌండ్లు తీసుకున్నారు. ఆ సొమ్ము తిరిగి ఇవ్వడానికి 1997 దాకా పట్టింది.

అదే బోర్డు గనులలో డ్రిల్లులు పట్టినవారి వేళ్లు తెల్లబడుతూనే వున్నాయి. దీనిని వృత్తి వ్యాధిగా గుర్తించి పరిహారం ఇవ్వాలా అన్న ప్రశ్న 1950లలోనే అక్కడి సలహా మండలి ముందుకు వచ్చింది. మండలి పలుమార్లు కాదన్నది. వేసవిలో లేని జబ్బును నిరూపించడం కష్టమన్నారు. పనిచేసే శక్తిని పెద్దగా తగ్గించదన్నారు. చివరకు 1985లో గాని అది వృత్తి వ్యాధుల జాబితాకు ఎక్కలేదు. ఆ తరువాత గని కార్మికులు, వారి సంఘాలు కోర్టుకు వెళ్లారు. ఈ జబ్బు సంగతి బోర్డుకు 1970ల మొదటి సంవత్సరాలకే తెలిసివుండాలనీ, నివారణ చర్యలు తీసుకోకపోవడం తప్పనీ కోర్టులు తేల్చాయి. 1998లో అప్పీలు కోర్టు దానిని ఖాయం చేసింది. 1999లో మొదలైన పరిహార పథకానికి లక్షన్నర మందికి పైగా అర్జీలు పెట్టుకున్నారు. అప్పటికి బ్రిటన్ లోతు గనులు చాలావరకు మూతబడ్డాయి. పరిహారం పుచ్చుకున్నవారిలో ఎందరో ముసలివాళ్లు. ఇంకెందరికో బదులు వారి భార్యలు పుచ్చుకున్నారు.

సోవియట్ యూనియన్‌లో 1950లలోనే లెనిన్‌గ్రాడ్ పరిశోధకురాలు ఆంద్రెయెవా గలానినా, ఆమె సహచరులు దీనికి ప్రకంపన వ్యాధి అని పేరుపెట్టి, నరాలకు సంబంధించిన లక్షణాలను వివరంగా అధ్యయనం చేశారు. ఇది చెప్పుకోదగిన ముందడుగు. కానీ ఆ అనుభవం నుంచి గూడా మనం నేర్చుకోవలసింది ఒకటే: ఆస్తి ఎవరి పేరున వున్నది అన్న ప్రశ్నతో పాటు, పనిచోట మాట ఎవరిది అన్న ప్రశ్న గూడా అడగాలి. రోజుకు ఎన్ని గంటలు సుత్తి పట్టాలో, ఎప్పుడు దింపాలో చెప్పే అధికారం సుత్తి పట్టినవానికి లేనప్పుడు, గేటు మీద బోర్డు మారినంత మాత్రాన వేళ్లకు నెత్తురు రాదు.

*

ఇప్పుడు మన కొండల దగ్గరకు వద్దాం. ప్రకాశం జిల్లా చీమకుర్తిలో నల్లరాతి మీద నక్షత్రాలు చల్లినట్టుండే ‘బ్లాక్ గెలాక్సీ’, కరీంనగర్‌లో గోధుమవన్నె ‘టాన్ బ్రౌన్’. ఈ రెండు రాళ్లూ ప్రపంచంలోని ఎన్నో దేశాల వంటగదులలో, బ్యాంకుల వరండాలలో పరిచి వున్నాయి. తవ్విన రాయిలో సగానికి పైగా దిమ్మకు పనికిరాక వ్యర్థంగానే పోతుంది. చీమకుర్తిలో ఆ వ్యర్థం కొత్త కొండలుగా నిలిచింది; పాత కొండ వున్నచోట అగాధాలు నీళ్లు నింపుకుని వున్నాయి. కరీంనగర్ వైపు గుట్టలు పోతే వాన నీటి దారులు పోతాయి. గుట్ట నుంచి వాగుకు, వాగు నుంచి చెరువుకు నీరు దించిన ఏర్పాటు కాకతీయుల నాటి నుంచి ఈ నేల వ్యవసాయానికి వెన్నెముక. ఒక గుట్ట తరిగితే ఒక దృశ్యం పోవడమే కాదు, దాని కింది చెరువు లెక్క గూడా తప్పుతుంది.

ఈ క్వారీలలో వరసగా రంధ్రాలు వేసి దిమ్మను విడదీస్తారు. వజ్రపు తీగ రంపాలు వచ్చినా, రంధ్రాలు వేసే పనిలో జాక్‌హామర్ ఇంకా పోలేదు. ఒకప్పుడు సమ్మెటతో బండలు పగలగొట్టిన వడ్డెరల బిడ్డలు, వలస వచ్చిన ఒడిశా కూలీలు దానిని పట్టుకుంటారు. చాలామంది కాంట్రాక్టరు కింది మనుషులు. చేయి చెడితే ఊరికి వెళ్లిపోతారు. జబ్బు కూడా వాళ్లతో పాటే ఊరికి పోతుంది గనుక క్వారీలో జబ్బు లేనట్టే.

మన ఎండ గూడా యజమానికి ఉపకారం చేస్తున్నది. వేళ్లు తెల్లబడటానికి చలి కావాలి. వేడి దేశాలలో అది అరుదు. 2005లో వెలువడిన వియత్నాం క్వారీ కార్మికుల అధ్యయనం వంటివి ఈ సంగతే చెబుతున్నాయి: తెల్లబడటం కనిపించదు, కానీ తిమ్మిరి, స్పర్శ తగ్గడం వంటి నరాల బాధలు వుంటాయి. బ్రిటన్‌లో వేసవి పేరు చెప్పి ఏళ్ల తరబడి కాదన్నారు. మనకు ఏడాది పొడుగునా వేసవే. తెల్లని వేలు కోసం వెతికే వైద్యుడికి మా టీ హోటలు మనిషి జబ్బు కనపడదు. నరాల బలహీనత అని గోలీలు ఇస్తాడు.

ఇక చట్టం సంగతి. 2025 దాకా అమలులో వున్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం మూడవ షెడ్యూలులో ప్రభుత్వానికి తెలియజేయవలసిన వ్యాధులు 29 వుండేవి. గ్రానైటు కోసి నునుపు చేసే యూనిట్లకు సంబంధించిన చట్టం అది. రాతిధూళి వల్ల వచ్చే సిలికోసిస్ అందులో వుండేది, మోత వల్ల వచ్చే చెవుడు వుండేది. అదురు వల్ల చేతికి వచ్చే జబ్బు వుండేది కాదు. గాలి కాలుష్యం, మోత, అదురుల నుంచి కార్మికులను కాపాడటానికి అంతర్జాతీయ కార్మిక సంస్థ 1977లో 148వ ఒడంబడికను చేసింది. దానిని ఆమోదించిన దేశాల జాబితాలో మన దేశం లేదు.

దీని పక్కన ఇంకొక కాగితం పెట్టి చూడాలి. గనుల భద్రతా డైరెక్టరేట్ 1997లో పేలుళ్లను గురించి ఒక సర్క్యులర్ ఇచ్చింది. క్వారీలో మందుగుండు పేల్చినప్పుడు చుట్టుపక్కల ఇళ్ల గోడలు ఎంత వేగంతో అదరవచ్చునో అందులో అంకెలు వున్నాయి. నెమ్మదైన అదురుకు మామూలు ఇళ్ల దగ్గర సెకనుకు 5 మిల్లీమీటర్లు మించరాదు. ఇది మంచి నియమం. అమలు జరగాలని గ్రామస్థులు పోరాడుతున్నారు. నేను దానిని తక్కువ చేయడం లేదు. కానీ గోడ అదురుకు కొలత వున్న దేశంలో, చేతి అదురుకు జబ్బుల పట్టికలో పేరైనా లేదు. గోడకు సొంతదారు వున్నాడు, పట్టా వున్నది, కోర్టుకు పోయే దారి వున్నది. కూలివాని చేతికి అతడే సొంతదారు అని చట్టం అంటుంది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మాత్రం అది కాంట్రాక్టరుది.

కొలత సాధ్యం కాదా అంటే, సాధ్యమే. యూరపు దేశాలు 2002లో చేసిన నిబంధన ప్రకారం ఎనిమిది గంటల పనికి చేతికి తగిలే అదురు 5 ప్రమాణాలు దాటరాదు, 2.5 దాటితేనే నివారణ చర్యలు మొదలుపెట్టాలి. ప్రమాణం అంటే ఇక్కడ సెకను వర్గానికి ఒక మీటరు. లెక్క సులువే: అదురు రెట్టింపు అయితే పట్టదగిన కాలం నాలుగో వంతు అవుతుంది. 10 ప్రమాణాల అదురు వున్న యంత్రాన్ని రోజుకు రెండు గంటలు, 20 వున్నదాన్ని అరగంట మాత్రమే పట్టాలి. జాక్‌హామర్లు 10 దాటడం సర్వసాధారణం. మన క్వారీలో పనివాడు దానిని ఎన్ని గంటలు పడతాడో నేను చెప్పనక్కర లేదు.

అదురు చేతితోనే ఆగదు. సింగరేణిలో ఓపెన్‌కాస్టు గనులు పెరిగిన తరువాత మట్టినీ బొగ్గునూ మోసే పెద్ద డంపర్లు నడిపేవారికి సీటు గుండా వెన్నెముకలోకి అదురు ఎక్కుతుంది. ఊళ్లను లేపి, చెరువులను పూడ్చి తవ్వే గొయ్యి అంచున ఆ డ్రైవరు నడుం పట్టుకుని దిగుతాడు. భూమి నష్టమూ, ఒంటి నష్టమూ అక్కడ ఒకే షిఫ్టులో జరుగుతున్నాయి.

*

మార్క్స్ 1867లో ప్రచురించిన ‘పెట్టుబడి’ మొదటి సంపుటంలో యంత్రాలను గురించిన సుదీర్ఘమైన అధ్యాయాన్ని ముగిస్తూ, నేలనూ శ్రామికుడినీ కలిపే చూశాడు. సంపదకు మూలమైన ఈ రెండింటినీ పెట్టుబడిదారీ ఉత్పత్తి ఏకకాలంలో పీల్చివేస్తుందని హెచ్చరించాడు. మనం ఆ రెండింటినీ విడదీసుకున్నాము. కొండను గురించి మాట్లాడేవారు ఒక సభ పెడతారు. కూలీని గురించి మాట్లాడేవారు ఇంకొక సభ పెడతారు. మొదటివారు ‘తవ్వకం ఆపండి’ అంటారు. రెండవవారు ‘ఆపితే కూలీల పొట్ట గడిచేదెట్లా’ అంటారు. యజమాని ఇద్దరినీ ఒకరి మీదికి ఒకరిని వదిలి తన దిమ్మలను ఓడరేవుకు పంపుకుంటాడు.

పొట్ట ప్రశ్న నిజమైన ప్రశ్న. దానిని కొట్టిపారేసేవాడు ప్రగతివాది కాడు. నా విద్యార్థి మేనమామకు క్వారీ మూతబడితే రేపటి నుంచి కూలి లేదు. అయితే ఆయన చేయి పోయిన నాడు గూడా కూలి లేదన్నది మనం మరచిపోకూడదు. చేతికి కాలపరిమితి పెడితే ఒక జాక్‌హామర్‌కు ఒక మనిషికి బదులు నలుగురు వంతులు మార్చుకోవలసి వస్తుంది. తవ్వకం వేగం తగ్గుతుంది. చేతిని కాపాడే నిబంధనే కొండను గూడా కొంత కాపాడుతుంది. అట్లాగే మూసిన క్వారీని పూడ్చి, వాగు దారి సరిచేయాలన్న నిబంధనను నిజంగా అమలు చేస్తే ఆ పని చేయడానికి గూడా మనుషులే కావాలి. రెండు కోరికలూ ఒకే కరపత్రంలో పట్టేవే.

కనుక మనం అడగవలసినవి స్పష్టంగా వున్నాయి. అదురు వల్ల వచ్చే చేతి జబ్బు వృత్తి వ్యాధుల పట్టికకు ఎక్కాలి. అందులో తెల్లబడిన వేలును కాక, మన ఎండకు తగినట్టు తిమ్మిరినీ, స్పర్శ లోపాన్నీ గుర్తుగా తీసుకోవాలి. క్వారీలో ప్రతి యంత్రం అదురునూ కొలిచి, పట్టదగిన గంటలను తెలుగులోనూ, ఒడియాలోనూ బోర్డు మీద రాయాలి. కాంట్రాక్టు కూలీకి గూడా చేతి పరీక్ష జరగాలి; ఆ కాగితం అతని దగ్గర వుండాలి. లీజు ఇచ్చేటప్పుడు కొండ నష్టాన్నీ, చేతి నష్టాన్నీ ఒకే పుస్తకంలో రాయాలి.

సాహిత్యం చదువుకున్న మనం చేయవలసిన పని గూడా ఒకటి వున్నది. బెడ్‌ఫర్డ్‌లో హామిల్టన్ చేసినది ప్రాథమికంగా వినడం. చలికాలం పొద్దున వెళ్లి, చేతులు చూపమని అడిగి, చెప్పినది రాసుకోవడం. ఆ పనికి వైద్య పట్టా అక్కరలేని భాగం చాలా వుంది. ఈ సంవత్సరం మా విద్యార్థులు కురిక్యాల వెళ్లినప్పుడు రెండు నోటు పుస్తకాలు తీసుకువెళుతున్నారు. ఒకదానిలో శాసనపాఠం రాసుకుంటారు. రెండవదానిలో చుట్టుపక్కల క్వారీలలో సుత్తి పట్టినవాళ్లు ఎన్నేళ్లు పట్టారో, ఏ వేలు ముందు మొద్దుబారిందో, ఏ పని చేసుకోలేకపోతున్నారో వాళ్ల మాటలలోనే రాస్తారు. ఒప్పుకున్నవారి పేర్లు గూడా రాస్తారు. వెయ్యేళ్ల కిందట ఆ బండ మీద చెక్కినవాని పేరు రాయకుండా వదిలారు. ఆ తప్పును మనం మళ్లీ చేయనక్కర లేదు.